బల్ల మీద పెట్టుకునే ‘రెడీ సెట్’ చేపల తొట్టి కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉండే మన తెలుగువాళ్లు చిన్న ఆక్వేరియం కొనాలంటే సాధారణంగా బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్లి తెచ్చుకుంటారు. ఇటీవల ఈ దుకాణాలలో ‘రెడీ సెట్’ అనే పేరుతో గాజు తొట్టి, మోటారు, లైటు, రంగురాళ్లు, మందు సీసాలు, చేపలు అన్నీ కలిపి ఒకే ధరకు అమ్ముతున్నారు. మా ఇంట్లో చదువుకునే బల్ల మీదకని బరంపురంలోని ఒక దుకాణంలో అలాంటి సెట్టు తీసుకున్నాము. వారం తిరగకముందే అందులోని చేపలన్నీ చనిపోయాయి. ఇదే పద్ధతిలో ఇంకెవరూ నష్టపోకూడదని, జరిగినదీ దాని వెనుక ఉన్న కారణాలూ వివరంగా రాస్తున్నాను.

ఆ సెట్టులో రెండు గోల్డ్ ఫిష్, గులాబీ, నీలం రంగుల్లో మెరిసే నాలుగు విడో టెట్రా చేపలు, యూఎస్‌బీ తీగతో నడిచే చిన్న ఫిల్టరు, తెల్లని రాళ్ల సంచి, ‘బ్యాక్టీరియా’ అని అంటించిన సీసా, నీలం మందు సీసా ఉన్నాయి. ఇంటికి వెళ్లి నీళ్లు పోసి, సీసాలోది రెండు మూతలు కలిపి, అరగంట ఆగి చేపలను వదిలేయమనీ, ఆరు నెలల దాకా నీళ్లు మార్చే పనే లేదనీ దుకాణదారు గట్టిగా చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టుగానే చేశాము.

మొదటి మోసం కొలతలో ఉంది. అట్టపెట్టె మీద 20 లీటర్లు అని ముద్రించారు. తొట్టి బయటి కొలత 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు. అంటే గాజు మందాన్ని వదిలేసి లెక్కగట్టినా 12 లీటర్లకు మించదు. గాజు మందం 5 మిల్లీమీటర్లు తీసేసి, పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, అడుగున రాళ్లు ఆక్రమించే చోటును కూడా తగ్గిస్తే, చేపలకు నిజంగా మిగిలే నీరు సుమారు 9 లీటర్లు. పెట్టె మీద రాసినదానిలో సగం కూడా లేదన్నమాట. దుకాణంలోనే స్కేలు పెట్టి లోపలి పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు తెలిసిపోతాయి. ఆ లెక్క వేయడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు, దుకాణదారుకు నచ్చకపోయినా సరే.

ఆ 9 లీటర్లలో గోల్డ్ ఫిష్ పెట్టించడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం. దుకాణంలో బొటనవేలంత కనిపించే ఈ చేప సరిగ్గా పెరిగితే జానెడు పొడవు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది, మిగతా చిన్న చేపలకన్నా ఎక్కువ తిని ఎక్కువ విసర్జిస్తుంది. గుండ్రని గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ బొమ్మ చూసి చూసి మనకు అది సహజమనిపిస్తుంది కానీ, అమ్మేవారికి ఈ సంగతి తెలియకపోవడానికి వీల్లేదు.

ఇక చేపలు చనిపోయిన అసలు కారణానికి వస్తాను. చేపలు మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను వదులుతాయి. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే తయారవుతుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగానూ, నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. ఇవి ప్రధానంగా ఫిల్టరు స్పాంజి మీద, రాళ్ల మీద, గాజు మీద పొరగా అంటుకుని పెరుగుతాయే తప్ప నీటిలో తేలుతూ ఉండవు. కొత్త తొట్టిలో ఆ పొర తగినంత ఏర్పడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలిరోజే చేపలను వదిలితే, అవి వదిలిన విషంలోనే అవి ఈదుతుంటాయి. నీరు మాత్రం అద్దంలా తేటగా కనిపిస్తుంది కాబట్టి చూసేవారికి అనుమానమే రాదు. మా తొట్టిలో చేపలు ముందు మేత మానేశాయి, తర్వాత నీటి పైభాగానికి చేరి నోరు తెరుచుకుని ఊపిరికి పాకులాడాయి, గోల్డ్ ఫిష్ తోక రెక్కల మీద ఎర్రని గీతలు తేలాయి. చుక్కల మందుతో అమ్మోనియా పరీక్ష చేస్తే, పసుపుగా ఉండాల్సిన గాజుగొట్టంలోని నీరు ముదురాకుపచ్చకు తిరిగింది.

సీసాలలో అమ్మే బ్యాక్టీరియా అన్నీ పనికిరానివని నేననను. జీవంతో ఉన్నవి తొట్టి సిద్ధమయ్యే కాలాన్ని కొంత తగ్గించవచ్చు. కానీ మాకిచ్చిన సీసా మీద తయారీ నెల లేదు, తయారుచేసినవారి చిరునామా లేదు, గరిష్ఠ చిల్లర ధర కూడా లేదు. ప్యాకెట్టుగా అమ్మే సరుకు మీద ఈ వివరాలు ఉండి తీరాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. మండుటెండలో నెలల తరబడి అలమరలో నిలబడిన పేరులేని సీసాలో ఏం బతికి ఉంటుందో పైవాడికే తెలియాలి. దానికన్నా ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి నుంచి ఒక స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుని కొత్త ఫిల్టరులో పెట్టడం ఎంతో నమ్మకమైన పని.

రాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆ తెల్లని రాళ్లను ఒక పళ్లెంలో వేసి రెండు చుక్కల నిమ్మరసం పిండితే, చుక్క పడిన చోటల్లా సన్నని నురగ బుసబుసమని పొంగింది. అంటే అవి నది గులకరాళ్లు కావు, చలువరాయి ముక్కలు. అవి నెమ్మదిగా కరిగి నీటి కాఠిన్యాన్నీ, ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే పీహెచ్‌నూ పెంచుతాయి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలోనే విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. మన వేసవిలో నీరు వేడెక్కినకొద్దీ ఇంకా పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. బోరు నీరు అసలే కఠినంగా ఉండే ఇళ్లలో ఈ రాళ్లు పుండు మీద కారం చల్లినట్టే. కొనేముందు ఒక రాయి అడిగి పరీక్షించండి. దుకాణంలో నిమ్మకాయ కోస్తే నవ్వుతారనుకుంటే ఇంటికి తెచ్చి, నీళ్లు పోయకముందైనా చూసుకోండి.

మెరిసే రంగుల టెట్రాల గురించి అమ్మినవారు ‘పుట్టుకతో వచ్చిన రంగు’ అన్నారు. విడో టెట్రాల సహజమైన రంగు వెండి మీద నల్లచారలు, లేదా తెలుపు. జన్యుమార్పిడి చేసిన మెరిసే రకం వేరే ఉంది కానీ, మన బజార్లలో తెల్లవాటికి రంగు పట్టించి అమ్మడమూ ఉంది. మేము తెచ్చినవాటిలో గులాబీ రంగు రెండు రోజులకే పొట్ట దగ్గర వెలిసి తెల్లబడింది. పుట్టుకతో వచ్చిన రంగు అలా వెలియదు. రంగు ఎక్కించే క్రమంలోనే నీరసించిన చేప కొత్త తొట్టిలోని విషాన్ని తట్టుకోవడం మరీ కష్టం.

ఫిల్టరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది శబ్దం చేసినంతగా పని చేయలేదు. పది రోజులు పనిచేసే ఖరీదైన బొమ్మకన్నా గాలి పంపుతో నడిచే మామూలు స్పాంజి ఫిల్టరు నయం. దాని స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. కరెంటు పోయే మన ప్రాంతంలో బ్యాటరీ గాలి పంపు ఒకటి దగ్గర ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను సమయంలో మా గజపతి జిల్లా ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఎవరూ మరిచిపోలేదు. ‘ఆరు నెలలు నీళ్లు మార్చనక్కర్లేదు’ అన్న మాటను మాత్రం ఏ దుకాణంలో విన్నా వెనుదిరిగి వచ్చేయవచ్చు. ఇంత చిన్న తొట్టిలో వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చాలి, కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

చేపలు చనిపోయిన సంగతి చెప్పినప్పుడు దుకాణదారు ఇచ్చిన జవాబు: ‘మీ ఊరి నీళ్లు మంచివి కావు.’ అవే మునిసిపల్ నీళ్లతో మా వీధిలోనే ఒకరి ఇంట్లో గప్పీ చేపలు తరతరాలుగా పిల్లలు పెడుతున్నాయని చెబితే, ‘అయితే మేత ఎక్కువ వేసి ఉంటారు’ అన్నారు. చివరికి కొత్త చేపలు సగం ధరకు ఇస్తానన్నారు. అదే తొట్టిలో అదే రోజు మళ్లీ చేపలు వేయమని చెప్పే మనిషితో ఇంకేం మాట్లాడతాము?

కొనాలనే ఉంటే తొట్టినీ చేపలనూ వేర్వేరుగా కొనండి. తొట్టిని ఒక రోజంతా నీటితో నింపి, కింద పాత వార్తాపత్రిక పరిచి, సిలికాన్ అతుకుల దగ్గర తడి ఊరుతోందేమో చూడండి. తర్వాత చేపలు లేకుండానే ఫిల్టరు నడుపుతూ, చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగండి. ఇంత చిన్న తొట్టిలో నా లెక్కన, మూత ఉంటే, ఒకే ఒక్క ఫైటర్ చేపకు మించి పెట్టకూడదు. అది పైగాలిని కూడా పీల్చగలదు కాబట్టి కొంత నెట్టుకొస్తుంది, అయితే దానికి కూడా శుభ్రమైన నీరు కావాలి.

బిల్లు లేకుండా ఏదీ తీసుకోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా, వెనక్కు తీసుకోనని అనడం కూడా అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే అచ్చు వాక్యాన్ని చూసి వెనక్కు తగ్గనవసరం లేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే, సరుకు బరంపురంలో కొన్నా గజపతి జిల్లాలో నివసించేవారు సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. మా ఫిర్యాదుకు పెట్టె మీది 20 లీటర్ల ముద్ర, పక్కనే స్కేలుతో తొట్టి, తేదీ లేని సీసా, నిమ్మరసానికి పొంగుతున్న రాయి కనిపించేలా తీసిన ఫొటోలను జతచేశాము. మీరు కూడా పెట్టె, సీసాలు, బిల్లు పారేయకుండా ఉంచుకోండి.