బొంబాయి అమ్మేసి బెంజ్ సర్కిల్ కొన్నాం: ఆరేళ్ల బిజినెస్ ఆట తర్వాత

2019 వేసవి సెలవుల్లో పిల్లల చేతుల్లోంచి ఫోన్ లాగేయడానికి మా విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బిజినెస్ ఆట పెట్టె కొన్నాను, అదే, పాచికలు వేసి ఊళ్లు కొనుక్కుని అద్దెలు వసూలు చేసే ఆట. రెండొందల లోపే. అప్పటి నుంచి శనివారం రాత్రి భోజనాలయ్యాక ఆట పడని వారాలు తక్కువ. ఈ ఆరేళ్లలో రెండు పెట్టెలు కొన్నాం, ఒకటి డల్లాస్ నుంచి మా ఆడపడుచు తెచ్చింది, చివరికి ఒక బోర్డు మేమే తయారు చేసుకున్నాం. ఏది కొనమంటావని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను, అందుకే ఇంత రాస్తున్నా.

ఆడేది ఐదుగురం. మా ఆయన, నేను, పెద్దాడు (ఇప్పుడు తొమ్మిదో తరగతి), చిన్నది, మా అత్తయ్య. నెలకోసారి గుంటూరు నుంచి మరిది వస్తే ఆరుగురం.

మొదటి పెట్టె మీ అందరికీ తెలిసిందే. బొంబాయి, ఢిల్లీ, సిమ్లా, శ్రీనగర్, ఊటీ, గోవా, మధ్యలో జైలు, క్లబ్బు, రెస్ట్ హౌస్. నా చిన్నప్పుడు ఆడిన బోర్డు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. 1995లో బొంబాయి ముంబై అయింది, 1996లో మద్రాసు చెన్నై అయింది, 2001లో కలకత్తా కోల్‌కతా అయింది, ఈ బోర్డుకి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. "మద్రాసు అంటే ఎక్కడ నానమ్మా?" అని పెద్దాడు అడిగిన పాపానికి అత్తయ్య "ఒకప్పుడు మన రాజధాని అదే రా" అని మొదలుపెట్టి, 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు దాకా వచ్చేసరికి ముగ్గురి వంతులు దాటిపోయాయి. ఆట ఆగింది కానీ ఆ రాత్రి ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. ఊళ్ల పేర్లున్న ఆటకి ఉండే లాభం అదే, పేరు చూడగానే పెద్దవాళ్లకి ఏదో ఒకటి గుర్తొస్తుంది, పిల్లలు వింటారు.

ఇక లోపాలు. నోట్లు మరీ పల్చన, రెండో నెలకే చినిగిపోయాయి, చిల్లర కోసం జెరాక్స్ తీయించాల్సి వచ్చింది. ఇళ్ల బొమ్మలు శనగగింజంత ఉంటాయి, సోఫా కింద ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. రూల్స్ కాగితం అర పేజీ, అందులో సగం విషయాలు మనమే ఊహించుకోవాలి. అన్నిటికంటే మా ఇంట్లో గొడవ తెచ్చింది ధరలు. మా బోర్డు మీద బొంబాయి 8500, హైదరాబాదు 3500. "గచ్చిబౌలిలో ఫ్లాట్ కొనలేక గుంటూరులో ఉన్నా, ఇక్కడ ఊరు ఊరంతా మూడువేల ఐదొందలేనా వదినా!" అని మరిది మొత్తుకుంటాడు. అత్తయ్య బాధ వేరు: ఇన్ని రైళ్లు ఆగే బెజవాడ లేకుండా రైల్వేస్ అని గడి ఎలా పెట్టారని.

రెండో పెట్టె ఖరీదైనది, విదేశీ రకం, మోనోపలీ అనే ఇలాంటి ఆటే. అట్ట గట్టిది, నోట్లు బాగున్నాయి, వీధుల పేర్లు మాత్రం ఒక్కటీ మనవి కావు. అసలు మోనోపలీలో ఉన్నవి అమెరికాలో అట్లాంటిక్ సిటీ వీధులట. అక్కడి వాళ్లకి అది మన బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటిదే, మా పిల్లలకి మాత్రం ఏ వీధి కొన్నా ఒకటే. మూడు వారాల్లో ఆసక్తి పోయింది. కానీ ఆ పెట్టెలోని రూల్స్ పుస్తకం మా ఆటని మార్చేసింది, అందుకే డబ్బు దండగ అనను.

అందులో వేలంపాట ఉంది. ఎవరైనా ఒక గడిలో ఆగి దాన్ని కొనకపోతే బ్యాంకు దాన్ని అక్కడికక్కడే వేలం వేయాలి, ఆ వద్దన్నవాళ్లు కూడా పాడుకోవచ్చు. మేం చిన్నప్పటి నుంచీ "వద్దా, సరే, తర్వాత" అని వదిలేసేవాళ్లం. వేలం పెట్టిన మొదటి రాత్రే అన్ని స్థలాలూ ముప్పావు గంటలో అమ్ముడైపోయాయి, ఇక ఎవరి దగ్గర ఏముందో తెలుసు కాబట్టి బేరాలు మొదలయ్యాయి. ఆట మొత్తం ఆ బేరాల్లోనే ఉంది. పాచికలది పావలా వంతే. ఫ్రీ పార్కింగ్ అనే మూల గడిలో ఆగితే పోగైన జరిమానా డబ్బంతా ఇచ్చే అలవాటు చాలా ఇళ్లలో ఉంటుంది, మా ఇంట్లోనూ ఉండేది, అది అసలు రూల్ కాదని తెలిశాక తీసేశాం. ఓడిపోయేవాడికి ఊపిరి పోసి ఆటని సాగదీసేది అదే. ఇంతకుముందు నాలుగు గంటలు పట్టేది రెండు గంటలకి దిగింది.

ఈ ఆటకి మూలం 1904లో లిజీ మేగీ అనే ఆవిడ పేటెంట్ తీసుకున్న ఆట అని మా ఆయన చదివి చెప్పారు. భూమి ఉన్నవాడు అద్దెల మీద బలిసిపోతే మిగతావాళ్లు ఎలా చితికిపోతారో చూపించడానికి చేసిందట. అత్తయ్య విని, "ముప్పై ఏళ్లు అద్దె ఇళ్లలో ఉన్నదాన్ని, నాకు ఆట ఆడి తెలియాలా" అన్నారు.

డల్లాస్ పెట్టెలో నోట్లు ఉండవు, కార్డు గీకే మిషన్ ఉంటుంది. రెండుసార్లు ఆడి అటక మీద పెట్టేశాం. నోట్లు లెక్కపెట్టే సరదా పోయింది, చిన్నదానికి కూడికలు వచ్చిందే బ్యాంకర్‌గా కూర్చోబట్టి.

2022 దసరా సెలవుల్లో రెండో బోర్డు మీదే కాగితాలు అంటించి విజయవాడ బోర్డు చేశాం. 22 స్థలాలు, 4 స్టేషన్లు, కరెంటు, నీళ్లు. స్టేషన్లు విజయవాడ, గుంటూరు, తెనాలి, గుడివాడ. కరెంటుకి ఇబ్రహీంపట్నం థర్మల్, నీళ్లకి ప్రకాశం బ్యారేజీ. ఇంద్రకీలాద్రిని స్థలంగా పెడదామంటే "అమ్మవారి కొండని కొనడం ఏంట్రా, కళ్లు పోతాయి" అని అత్తయ్య ఒప్పుకోలేదు, అది స్టార్ట్ గడి అయింది, దాటిన ప్రతిసారీ ప్రసాదం కింద 200.

ధరలు రాయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. బెంజ్ సర్కిల్, బందరు రోడ్డు ధరలు అన్నిటికంటే ఎక్కువ ఉండాలన్నది అందరూ ఒప్పుకున్నారు. వన్‌టౌన్ దగ్గర గొడవ: కాళేశ్వరరావు మార్కెట్ పక్కన షాపు విలువ వేరు, ఇంటి విలువ వేరు అని మరిది, రెండూ ఒకటే గడి కదా అని నేను. సింగ్ నగర్‌ని అన్నిటికంటే చవగ్గా పెడితే అక్కడే ఉండే మా పిన్ని వచ్చినప్పుడు చూసి నొచ్చుకుంది, మార్చాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వాళ్ల కింది వాటా మునిగాక, ఛాన్స్ కార్డుల్లో పెద్దాడు రాసిన "వరద వచ్చింది, అద్దె రాదు" అన్న కార్డు నేనే తీసి పక్కన పెట్టాను. సంక్రాంతికి వచ్చిన పిన్ని దాన్ని వెతికి మళ్లీ కట్టలో కలిపింది.

పెద్దాడు ఒక పాత నోటుబుక్కులో ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు ఆగారో గీతలు పెట్టేవాడు. జైలు నుంచి ఆరు, ఎనిమిది, తొమ్మిది గడుల దూరంలో ఉన్న మూడు స్థలాలకి (మా బోర్డులో పటమట, లబ్బీపేట, మొగల్రాజపురం) అద్దె బాగా వస్తోందని తేల్చాడు. జైలుకి అందరూ ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారు, రెండు పాచికలకి ఉన్న 36 రకాల్లో 14 ఆ మూడింటి మీదే పడతాయి. చిన్నది ఇంకా గడుసు. పెట్టెలో 32 ఇళ్లే ఉంటాయి, అవి అయిపోతే ఎవరూ కట్టడానికి లేదు. చిన్నది స్థలానికి నాలుగేసి ఇళ్లు కట్టి, వాటిని బ్యాంకుకి తిరిగిచ్చి హోటల్‌కి మార్చకుండా కూర్చుంటుంది. వాళ్ల నాన్న వరసగా రెండు వారాలు ఐపీ పెట్టారు.

కాబట్టి పిల్లలకి ఎనిమిదేళ్ల లోపైతే చవక బిజినెస్ పెట్టె చాలు, వేలం రూల్ మాత్రం మీరే కలుపుకోండి. కాస్త పెద్ద పిల్లలుంటే ఏ పేర్లున్నా సరే గట్టి బోర్డు, పూర్తి రూల్స్ ఉన్నది కొని మీ ఊరిని అంటించుకోండి. ఓడిపోతే ఏడ్చే పిల్లలుంటే పదిన్నరకి ఆపి ఆస్తులు లెక్కేసే పద్ధతి పెట్టుకోండి, మాకు అది ఆలస్యంగా తట్టింది. ఇద్దరే ఆడేట్టయితే అసలు కొనకండి, బేరం ఎవరితో ఆడతారు?

మా బోర్డులో ఇప్పటికీ తేలనిది అమరావతి ఒక్కటే. దానికి మూడు ధరలు రాశాడు మరిది: 2015 శంకుస్థాపన ధర, 2019 మూడు రాజధానుల ధర, 2024 ధర. ఆట మొదట్లో పాచిక వేసి ఏది వస్తే అదే ఆ రాత్రికి. ఏ ధర వచ్చినా వేలంలో అత్తయ్య వదలరు. ఎందుకు నానమ్మా అంటే, "మద్రాసు పోయింది, కర్నూలు పోయింది, హైదరాబాదు పోయింది, ఇదన్నా ఉండనీ" అంటారు. అన్నట్టు కాగితాలు అంటించడానికి ఫెవికాల్ వాడకండి, బోర్డు మడత దగ్గర లేచిపోతాయి. మాది లబ్బీపేట సగం ఊడింది, ఈసారి డబుల్ టేపు తేవాలి.