దండయాత్ర ముగిశాక ఉద్యమం ఏం చేయాలి: ద్వారకానగర్ ఆదివారం తరగతులపై సమీక్ష

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లతో కిక్కిరిసిన విశాఖపట్నం ద్వారకానగర్‌లో, అదే వరుసలోని ఒక పాత భవనం రెండో అంతస్తులో, ఏ ర్యాంకుకూ ఏ ఉద్యోగానికీ అక్కరకు రాని పాఠాలు ఆదివారం సాయంత్రాలు జరుగుతున్నాయి. యుద్ధ వ్యతిరేక ఉద్యమాల చరిత్రలో దండయాత్ర ముగిసిన తరువాతి ఘట్టాన్ని మాత్రమే తీసుకుని, దాన్ని నెల రోజుల కోర్సుగా చెబుతున్నారు. రుసుము రూ. 800, జిరాక్స్ నోట్సు, టీ అందులోనే. పాఠం చెప్పేవారు ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు. పేరు రాయవద్దని ఆవిడే కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు.

విషయాన్ని ఎంచుకోవడంలోనే ఈ కోర్సు సగం మార్కులు కొట్టేసింది. యుద్ధం మొదలుకాక ముందు ఆపమని నినదించినవారు, మొదలయ్యాక నిస్సహాయులై, ముగిశాక తమకేమీ పట్టనట్టు ఇళ్లకు చేరుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. 2003 ఫిబ్రవరి 15న వందలాది నగరాల్లో లక్షల మంది వీధుల్లోకి వచ్చి ఇరాక్‌పై యుద్ధం వద్దన్నారు. మార్చి 20న దండయాత్ర మొదలైంది, ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది, మే 1న అమెరికా అధ్యక్షుడు ఒక విమానవాహక నౌకపై నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించాడు. ఊరేగింపులో నడిచినవారికి ఆ మర్నాటి నుంచి పనేమిటి అన్న ప్రశ్నతో మేడమ్ మొదటి తరగతి ప్రారంభించారు. జవాబును మాత్రం చివరి ఆదివారం దాకా తొందరపడి చెప్పలేదు.

అన్నిటిలోకీ మేలైనది మొదటి ప్రపంచ యుద్ధానంతర కాలంపై చెప్పిన పాఠం. 1918 నవంబరు 11న కాల్పులు ఆగినా, జర్మనీ ఓడరేవులపై మిత్రరాజ్యాల నౌకా దిగ్బంధం 1919 జులై దాకా కొనసాగింది. తిండి అందక మధ్య యూరప్‌లో పిల్లలు ఎముకల గూళ్లయ్యారు. లండన్‌లో ఎగ్లంటైన్ జెబ్ అనే మహిళ ఆస్ట్రియా పసిపిల్లల ఫొటోలున్న కరపత్రాలను ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచినందుకు పోలీసులు ఆమెను పట్టుకున్నారు. కరపత్రానికి సెన్సారు అనుమతి లేదన్నది నేరం. న్యాయస్థానం విధించిన జరిమానా ఐదు పౌండ్లు. ఆ ఐదు పౌండ్లనూ ఆమెపై వాదించిన ప్రాసిక్యూటరే తన జేబులోంచి తీసి ఇచ్చాడు. 1919 మే నెలలోనే ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ పుట్టింది.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. మేడమ్ చేసిన పని వేరు. కథ చెప్పడానికి ముందే అందరికీ తలొక కాగితం ఇచ్చి, ఈ కరపత్రాన్ని పంచిన మనిషిని మీరైతే శిక్షిస్తారా అని అడిగి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. బ్యాంకు పరీక్షకు తయారవుతున్న ఒక కుర్రవాడు, “యుద్ధం అయిపోయింది కదా మేడమ్, ఇంకా సెన్సారు ఎందుకు?” అన్నాడు. వెనక బెంచీలోంచి ఓడల మరమ్మతులో జీవితం గడిపి రిటైరైన ఒక పెద్దాయన, “సంతకాలైనంత మాత్రాన గేటు తెరవరు బాబూ, పైనుంచి ఆర్డరు రావాలి” అన్నారు. ఆ మాట మీద అరగంట చర్చ నడిచింది. కాల్పులు ఆగిన తరువాత కూడా చట్టాలూ ఆంక్షలూ తమంతట తాము ఆగవని, వాటి వెంటపడేవారు వేరే కావాలని ఆ తరగతిలో అందరికీ తెలిసివచ్చింది.

వియత్నాం పాఠం కూడా బాగుంది గాని, కొంచెం పరుగులు పెట్టారు. సైన్యంలో చేరడానికి నిరాకరించి దేశం విడిచినవారికి 1977 జనవరి 21న, అమెరికా అధ్యక్షుడైన మర్నాడే, కార్టర్ క్షమాభిక్ష ఇచ్చాడు. సైన్యంలో చేరి పారిపోయినవారికి మాత్రం అది వర్తించలేదు. లావోస్‌పై 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించగా, పేలకుండా మిగిలినవి ఇప్పటికీ పొలాల్లో ప్రాణాలు తీస్తున్నాయి. మందుపాతరల నిషేధానికి 1992లో ఆరు సంస్థలు చేతులు కలిపినప్పుడు, వాటిలో వియత్నాంలో పోరాడిన సైనికుల సంస్థ కూడా ఒకటి; 1997లో ఒట్టావా ఒప్పందంపై సంతకాలయ్యాయి, అదే ఏడాది ఆ ఉద్యమానికి నోబెల్ శాంతి బహుమతి దక్కింది. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదని మేడమ్ దాచకుండా చెప్పారు. నోట్సులోని లావోస్ పటం మాత్రం జిరాక్సుకు జిరాక్సు తీసినది కావడంతో, నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు.

ఒక ఆదివారం తరగతిని హాలులో కాక బీచ్ రోడ్డు మీద పెట్టారు. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సమీపంలో, 1971 యుద్ధ విజయానికి గుర్తుగా నిలిపిన స్మారకం ఎదుట యుద్ధ వ్యతిరేకత గురించి మాట్లాడడం కత్తి మీద సామే. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరిది; సగం మంది బంధువుల్లో ఒకరైనా నేవీలోనో డాక్‌యార్డులోనో ఉంటారు. మేడమ్ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరిపై బాంబులు వేసిన సంగతితో మొదలుపెట్టి, 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మన తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ లోపలున్న వారందరితో సహా మునిగిపోయిన ఘటన దాకా వచ్చారు. విజయాన్ని తక్కువ చేయలేదు, మునిగినవారిని మనుషులు కానట్టు మాట్లాడనూ లేదు. మాతో వచ్చిన ఒక నావికుడి భార్య, “యుద్ధం రాకూడదని అందరికంటే ముందు దండం పెట్టుకునేది మేమే మేడమ్” అన్నారు. సైనిక కుటుంబం ఎదుట అనలేని మాటను ఏ వేదిక మీదా అనకూడదన్న నియమాన్ని మేడమ్ అక్కడే పెట్టారు. నాకు అది పూర్తిగా నచ్చలేదు. కొన్ని నిజాలు ఎవరి ఎదుటనైనా చేదుగానే ఉంటాయి. అయినా ఈ ఊళ్లో ఉద్యమం బతకాలంటే మొదలుపెట్టవలసిన చోటు అదేనని ఒప్పుకుంటాను.

అసలు లోటు ఇరాక్ పాఠంలో ఉంది. అంత పెద్ద ఉద్యమం యుద్ధాన్ని ఆపలేకపోయింది కనుక విఫలమైందని తేల్చి, ఒక్క గంటలో ముగించారు. మన దేశపు ఘట్టం అందులో లేనేలేదు. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది. బాగ్దాద్ పడిపోయాక, ఆక్రమిత ఇరాక్‌లో శాంతిభద్రతల కోసం సేనలు పంపమని అమెరికా మనల్ని కోరింది. వామపక్షాలు, కాంగ్రెస్ వ్యతిరేకించాయి. జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనందున పంపలేమని చెప్పేసింది. యుద్ధాన్ని ఆపలేని అభిప్రాయం, ఆక్రమణలో మన సైనికులు భాగం కాకుండా ఆపడంలో కొంతైనా పనిచేసిందన్నమాట. దండయాత్ర అనంతర ఉద్యమానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు మరొకటి లేదు. బ్రిటన్‌లో 2009లో మొదలై 2016 జులైలో నివేదిక ఇచ్చిన, ఇరాక్ యుద్ధంలో ఆ దేశపు పాత్రపై జరిగిన చిల్కాట్ విచారణను, 2003 నుంచి ఇరాక్ పౌరుల మరణాలను లెక్కగడుతూ వస్తున్న ‘ఇరాక్ బాడీ కౌంట్’ను కూడా పేర్లు చెప్పి వదిలేశారు. జనం పలచబడ్డాక నిలిచేవి ఇలాంటి పనులే: చనిపోయినవారి జాబితా, పాతిన మందుపాతర, తెరవని ఫైలు. ఏదో ఒక్కదాన్ని పట్టుకున్న కొద్దిమంది ఏళ్ల తరబడి సాగగలిగారు. అన్నిటినీ ఒకే బ్యానరు మీద రాసుకున్నవారు మరో యుద్ధం వచ్చేదాకా కలుసుకోలేదు.

చివరి తరగతిలో మేడమ్ చెప్పిన జవాబు కూడా దాదాపు ఇదే కావడం వల్ల, ఇరాక్ పాఠం అలా జారిపోవడం మరింత బాధించింది. ఈ మాట ఆవిడతోనే అన్నాను. రాబోయే బ్యాచికి ఆ పాఠాన్ని రెండు వారాలు చేస్తానని, భారత ప్రభుత్వ నిర్ణయంపై నాటి పత్రికల కత్తిరింపులు తెచ్చిపెట్టమని నాకే పని అప్పగించారు.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. తరగతి చెప్పిన వేళకు మొదలుకాదు. టీ మాత్రం వేళకు వస్తుంది. నినాదాలు కోరి వచ్చేవారికి రెండో వారానికే విసుగు పుడుతుంది. చరిత్ర, జర్నలిజం విద్యార్థులకు, ముఖ్యంగా నేవీ కుటుంబాల వారికి, రూ. 800 ఎక్కువేమీ కాదు. డబ్బు కట్టే ముందు నోట్సు చూపించమని అడగండి, పటాలు సరిగా అచ్చయిన ప్రతి వేరే ఒకటి ఉంది.