బ్లడీ మేరీకి టమోటా రసం: పచ్చిదా, కాచినదా, పెట్టెలోదా – ఏది మేలు?

చిత్తూరు పరిసరాల్లో టమోటాకు ధర విషయంలో ఇబ్బంది రావచ్చు గానీ కాయ దొరకకపోవడం అన్నది అరుదు. పలమనేరు, వి.కోట వైపు పొలాల నుంచీ, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న మదనపల్లె మార్కెట్టు నుంచీ వచ్చే కాయలు ఏడాది పొడవునా మన సంతల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఇంత పంట చేతికందే చోట ఉంటూ, బ్లడీ మేరీ అనే వోడ్కా పానీయం కలపడానికి అంగడిలో పెట్టె రసం కొనడం తప్పని నేను చాలాకాలం నమ్మాను; పచ్చి కాయను పిండి తీసిన రసానికి మించినది ఉండదనుకున్నాను. మూడు పద్ధతుల్లోనూ పలుమార్లు చేసి చూశాక ఆ నమ్మకంలో సగమే నిలిచింది. పెట్టె రసం కొననక్కరలేదన్న మాట నిజమే గానీ, పచ్చి రసమే మేలన్న మాట నిజం కాదు.

వోడ్కా, టమోటా రసం, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి, కారపు సాసు, వూస్టర్ సాసు కలిస్తే బ్లడీ మేరీ అవుతుంది. దాని పుట్టుక గురించి వాదాలున్నా ఎక్కువగా వినిపించే పేరు ఫెర్నాండ్ పెటియో. ఆయన 1920లలో పారిస్‌లోని హ్యారీస్ న్యూయార్క్ బార్‌లో పనిచేసి, 1934లో న్యూయార్క్‌లోని సెయింట్ రీజిస్ హోటల్లో ఉన్న కింగ్ కోల్ బార్‌కు వెళ్లారు. నటుడు జార్జ్ జెస్సెల్ ఈ పానీయాన్ని తానే మొదట కలిపానని చెప్పుకున్నారు; జెస్సెల్ కలిపినది ఉత్త వోడ్కా, టమోటా రసమేననీ, ఉప్పూ కారమూ మసాలా చేర్చినది తాననీ పెటియో చెప్పారు. మన ప్రశ్నకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. అమెరికాలో డబ్బాల్లో నింపిన టమోటా రసం వాడుకలోకి వచ్చింది కూడా ఆ 1920లలోనే. డబ్బాలో నిలవ ఉండే రసం వేడి తగిలిన రసమే కాబట్టి, ఈ పానీయానికి లోకమంతా అలవాటుపడిన చిక్కదనమూ రుచీ కాచిన టమోటావే.

అయినా పచ్చి రసానికి ఉన్న గుణాన్ని తక్కువ చేయలేము. కాయను కోసినప్పుడు, నలిపినప్పుడు పైకి లేచే ఆ పచ్చి వాసన కాయలో ముందే ఉండేది కాదు. కణాలు చిదికిన క్షణంలో ఎంజైములు కాయలోని కొవ్వు ఆమ్లాలపై పనిచేయడం వల్ల అప్పటికప్పుడు పుడుతుంది. పొయ్యి మీద పెడితే అది చాలావరకు ఎగిరిపోతుంది. పచ్చిపులుసుకూ కాచిన చారుకూ ఉన్న తేడా తెలిసిన నాలుకకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. పచ్చి రసం తీయాలనుకుంటే గట్టి తోలు ఉండి దూర ప్రయాణానికి పండించిన హైబ్రిడ్ కాయ కన్నా, బాగా మాగిన నాటు కాయ ఎన్నో రెట్లు మేలు. దానిలో పులుపు ఉంటుంది, రసమూ ఉంటుంది. గింజల చుట్టూ ఉండే జిగురును తీసి పారేయడం మాత్రం పెద్ద పొరపాటు. టమోటాకు మాంసపు చారులాంటి నిండుదనాన్ని ఇచ్చే గ్లూటమేట్ కండలో కన్నా ఆ జిగురులోనే ఎక్కువ. గింజలు నలిగితే చేదు వస్తుంది కాబట్టి మిక్సీలో తిప్పకుండా, కాయను కొబ్బరి కోరు మీద రుద్దిగానీ చేత్తో పిసికిగానీ జల్లెడలో వడగట్టాలి. మిక్సీలో గాలి చేరి రసం నురగతో వెలిసిపోయిన గులాబీ రంగుకు వస్తుంది. ఆ రంగు చూస్తే ఎవరికీ తాగబుద్ధి కాదు.

పచ్చి రసపు అసలు లోపం గ్లాసులో పోసిన తరువాత బయటపడుతుంది. పోయిన ఎండాకాలం బెంగళూరు నుంచి మా అక్క, బావ వచ్చినప్పుడు నాటు కాయలతో రసం తీసి, కలిపి, మంచు ముక్కలు వేసి ఇచ్చాను. మొదటి గుక్క అందరికీ నచ్చింది. మాటల్లో పడి ఇరవై నిమిషాలు గడిచేసరికి ప్రతి గ్లాసులోనూ కింద పసుపు రంగు నీళ్లు, పైన ఎర్రటి పిప్పి రెండు పొరలుగా విడిపోయాయి. కలిపితే కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోయేవి. దానికి కారణం నా చేతి తప్పు కాదని తరువాత తెలిసింది. టమోటాలో పెక్టిన్ అనే జిగట పదార్థం ఉంటుంది. రసాన్ని చిక్కగా, ఒక్కటిగా పట్టి ఉంచేది అదే. కాయను చిదిపిన వెంటనే, సువాసన పుట్టించే ఎంజైముల పక్కనే మరికొన్ని ఎంజైములు పెక్టిన్‌ను తెంచడం మొదలుపెడతాయి. పచ్చి రసం ఎంతసేపు నిలబడితే అంత పలచబడి విరుగుతుంది.

ఈ ఎంజైములను ఆపే మార్గం వేడి ఒక్కటే, అదీ వెంటనే తగలాలి. రసం తీసే కర్మాగారాల్లో చిదిపిన టమోటాను ఆలస్యం లేకుండా సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకుపోయే పద్ధతిని హాట్ బ్రేక్ అంటారు. తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలున్న జిల్లా మనది కాబట్టి, పండును వేడితో నిలవ చేయడం మనకు కొత్త విద్య కాదు. ఇంట్లో దీన్ని చేయడం సులభమే గానీ ఒక క్రమం ఉంది. కిలో కాయలనూ ముందుగా తరిగి పెట్టుకుని, ఆనక పొయ్యి వెలిగిస్తే ఎంజైములకు కావలసినంత సమయం మనమే ఇచ్చినట్టవుతుంది. అలా కాకుండా రెండు కాయలు తరిగి గిన్నెలో వేసి పెద్ద మంట మీద తెర్లనిచ్చి, ఆ తెర్లుతున్న రసంలోకే మిగతా కాయలను ఒక్కొక్కటిగా తరిగి వేస్తూ పోతే ప్రతి ముక్కకూ క్షణాల్లో వేడి తగులుతుంది. అంతా పడ్డాక ఎనిమిది, పది నిమిషాలు చాలు. అంతకు మించితే అది చారు దారి పట్టి, ఆ తరువాత పచ్చడి దారి పడుతుంది. టమోటా పులుపు సత్తు గిన్నెను, కళాయి లేని ఇత్తడిని తింటుంది కాబట్టి స్టీలు గిన్నె వాడాలి. వేడి మీదే జల్లెడలో గరిటెతో రుద్ది వడగట్టి, ఉప్పు వేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. కిలో కాయలకు నాకు ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ రసం వస్తుంది, రెండు మూడు రోజులు నిలుస్తుంది, గంట సేపు గ్లాసులో ఉన్నా విడిపోదు.

కాచిన రసంలో పోయేది ఆ పచ్చి వాసన ఒక్కటే. దానికి కూడా ఉపాయం ఉంది: వడ్డించే ముందు ఒక నాటు కాయను కోరి, ఆ పచ్చి గుజ్జును గ్లాసుకు ఒక చెంచా చొప్పున కాచిన రసంలో కలపడం. చిక్కదనం కాచిన దానిది, వాసన పచ్చి దానిది అవుతుంది. ఈ కాయను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి టమోటా వాసన చచ్చిపోతుంది. మూడు పద్ధతుల్లో నేను ఎంచుకునేది ఇదే, నలుగురికి మించి అతిథులుంటే మరీ ఇదే.

పెట్టె రసం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అది ఎప్పుడు తెరిచినా ఒకే రుచిలో ఉంటుంది, విడిపోదు, శ్రమ లేదు. కొన్నింటిలో చక్కెర కలుపుతారు కాబట్టి లేబులు చదివి, చక్కెర లేనిదే కొనాలి; ఉప్పు ముందే ఉంటుంది గనక మనం వేసే ఉప్పు తగ్గించాలి. చిక్కటి టమోటా ప్యూరీ కొని నీళ్లు కలిపి వాడడం కన్నా రసంగా అమ్మేది కొనడమే మంచిది, ఎందుకంటే నీళ్లు కలిపినా ప్యూరీకి ఉన్న ఎక్కువ మరిగిన రుచి పోదు. అయితే టమోటా ధర కొండెక్కిన రోజుల్లో నేనూ పెట్టె వైపే మొగ్గుతాను. 2023 జులైలో మదనపల్లెలోనే కిలో వంద రూపాయలు దాటినప్పుడు కిలో కాయలను రసం తీయడం ఏ ఇంటికీ సబబు కాదు. అదే కాయ ధర పడిపోయి రైతు కోత కూలీ కూడా రాక కాయలను రోడ్డు పక్కన పారబోసే రోజులూ ఈ ప్రాంతం చూస్తుంది. ఆ రోజుల్లో పెట్టె రసం కొనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కారం విషయంలోనూ ఇలాంటి ఎంపికే ఉంది. బ్లడీ మేరీలో సాధారణంగా వేసేది 1868 నుంచి అమెరికాలోని లూసియానాలో తయారవుతున్న టబాస్కో సాసు. మన ఇంట్లో ఉండే గొడ్డుకారం దాని బదులు వేస్తే సరిపోతుందనుకుంటే అది కుదరదు. చల్లటి రసంలో కారపు పొడి కరగక, పలుకు పలుకుగా గొంతుకు తగులుతుంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో బాగా కరుగుతుంది. అందువల్ల కారాన్ని రసంలో కాక వోడ్కాలోనే దింపడం మేలు. 180 మి.లీ. వోడ్కాలో రెండు పచ్చిమిరపకాయలను చీల్చి వేసి, గంటకొకసారి చుక్క రుచి చూస్తూ, చాలనిపించగానే తీసివేయాలి. రాత్రంతా మరచిపోతే మన చిత్తూరు నాలుక కూడా తట్టుకోలేదు. ఎండుమిరపకాయ వేస్తే రంగు, కమ్మదనం వస్తాయి. పచ్చిమిరపకాయతో వాసన వస్తుంది. టమోటా రసం కాచినదైతే పచ్చిమిరప, పచ్చిదైతే ఎండుమిరప నాకు పొందికగా తోచాయి.

విదేశీ వంటకాల్లో దీనికి హార్స్‌రాడిష్ అనే దుంపను కోరి వేస్తారు. దాని ఘాటుకు మూలమైన పదార్థమే మన ఆవాలలోనూ ఉంది. పావు చెంచా ఆవాలు పొడి చేసి చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచితే ముక్కుకు తగిలే ఆ ఘాటు పుడుతుంది. నిమ్మరసాన్ని ఆ తరువాతే కలపాలి. ఈ మార్పులో లోటేమీ కనిపించలేదు.

వూస్టర్ సాసు దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. 1837 నుంచి ఇంగ్లండులో లీ అండ్ పెరిన్స్ అమ్ముతున్న అసలు సాసులో ఆంచోవీ చేపలు ఉంటాయి. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో చేప ముట్టనివారు ఎందరో ఉంటారు కాబట్టి, చెప్పకుండా పోయడం తప్పు. అదృష్టవశాత్తు ఆ సాసుకు పులుపునిచ్చేవాటిలో చింతపండు కూడా ఒకటి. చిక్కటి చింతపండు రసం ఒక చెంచా, చిటికెడు బెల్లం, ఆవగింజంత ఇంగువ, మిరియాల పొడి కలిపితే దానికి చాలా దగ్గరగా వస్తుంది. చేప వల్ల వచ్చే నిండుదనం మటుకు దీనిలో రాదు. గింజల జిగురు పారేయవద్దని పైన చెప్పినందుకు ఇది రెండో కారణం. చింతపండు ఉంది కదా అని నిమ్మరసం మానకూడదు.

వోడ్కా ఏదన్న చర్చలో పెద్దగా పస లేదు. ఇంత ఉప్పు, పులుపు, కారం మధ్య ఖరీదైన సీసాకూ మామూలు సీసాకూ తేడా తెలియదు. పండ్ల రుచులు కలిపినవి మాత్రం వద్దు. 45 మి.లీ. వోడ్కా, 90 మి.లీ. టమోటా రసం, 15 మి.లీ. నిమ్మరసం అన్నది అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత. మన దేశంలో సాధారణంగా దొరికే 42.8 శాతం వోడ్కాతో ఈ లెక్కన కలిపితే మంచు కరగకముందు ఆల్కహాలు సుమారు 13 శాతం, అంటే వైనంత బలం. తాగుతుంటే చారులా అనిపించడం వల్ల రెండో గ్లాసు తెలియకుండానే వచ్చేస్తుంది. అందుకే నేను రసాన్ని 120 మి.లీ.కి పెంచి కలుపుతాను. రాష్ట్రంలో మద్యానికి 21 ఏళ్లు నిండాలన్నదీ, తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధమన్నదీ ఇక్కడివారికి తెలిసినదే. బయటి నుంచి వచ్చే అతిథులకు ముందే చెప్పడం మంచిది.

చివరగా కలిపే తీరు. మూత పెట్టి గట్టిగా కుదిపితే నురగ లేచి, మంచు పగిలి రసం పలచబడుతుంది. అందుకే బార్లలో దీన్ని మంచుతో సహా ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి నెమ్మదిగా నాలుగైదు సార్లు ఒంపుతారు. ఫిల్టర్ కాఫీని గ్లాసుకూ గిన్నెకూ మధ్య తిరగబోసే చేతికి ఇది నేర్పనక్కరలేని పని, కాకపోతే కాఫీకి ఎత్తి పోస్తాము, దీనికి దగ్గరగా పెట్టి పోయాలి. గ్లాసులో అలంకారంగా పెట్టే సెలెరీ అనే ఆకుకూర కాడకు బదులు కీర దోసకాయ చీలిక పెట్టవచ్చు. తాగని పెద్దలకు అదే రసాన్ని, అదే చింతపండు, ఆవ ఘాటుతో వోడ్కా లేకుండా ముందుగా కలిపి ఇచ్చి, ఆ తరువాతే వోడ్కా సీసా తెరుస్తాను; రెండు రకాల గ్లాసులు పొరపాటున మారిపోకుండా అలాంటప్పుడు కీర దోస ముక్కను వోడ్కా లేని వాటికే పెడతాను.