జూనియర్ జట్టు తొలి పోటీల సీజన్: క్లాసిక్ శైలా, స్కేటింగ్ శైలా?

క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో క్లాసిక్ శైలి మంచులో తీర్చిన సమాంతర చాళ్లలో నడక లయతో సాగుతుంది. 1980లలో వ్యాపించిన స్కేటింగ్ శైలిలో చదునైన బాటపై స్కీలను పక్కలకు నెడుతూ ముందుకు దూసుకుపోతారు.

ఖర్చు: స్కేటింగ్ స్కీలకు జారుడు మైనం చాలు. క్లాసిక్ స్కీలకు పట్టునిచ్చే మైనం కూడా కావాలి.

శ్రమ: స్కేటింగ్‌లో వేగం ఎక్కువ, కానీ సమతూకం కుదరని పిల్లలు ఎత్తు ఎక్కేటప్పుడు త్వరగా అలసిపోతారు.

ప్రమాదం: 0 డిగ్రీల దగ్గర కొత్త మంచు కురిసిన రోజున, మైనం సరిగా కుదరకపోతే క్లాసిక్ స్కీ ఒకచోట వెనక్కి జారుతుంది, మరోచోట మంచు అంటుకుని కదలనే కదలదు, ఎంతో సాధన చేసిన పిల్లలు అలా నిలిచిపోవడం చూడలేం గనుక, అడుగున పట్టు మైనానికి బదులు మోహెయిర్ (అంగోరా మేక ఉన్ని) పట్టీలున్న క్లాసిక్ స్కీలనే నేను గట్టిగా సూచిస్తాను.

కొత్తవారు ఎక్కువున్న జట్టుకు క్లాసిక్ మేలు. రోలర్ స్కేటింగ్ అలవాటున్నవారికి, మైనం పనికి మనుషులు చాలని జట్టుకు స్కేటింగ్ నప్పుతుంది.