కారు బ్యాటరీకి చార్జరా, జంప్ స్టార్టరా: కొన్నేళ్లు వాడాక తేలిన లెక్క

ముందే చెప్పేస్తున్నా. ఈ రెండింట్లో ఒక్కటే కొనగలిగితే చార్జర్ కొనండి. దానికి హంగేమీ ఉండదు. రాత్రి తగిలించడం, పొద్దున్నే తీసేయడం, అంతే. కానీ ఇన్నేళ్లుగా నా బ్యాటరీని బతికిస్తున్నది అదే. బ్యాటరీ దిగిపోయిన కారును అప్పటికప్పుడు స్టార్ట్ చేయించే చిన్న ప్యాక్, అదే జంప్ స్టార్టర్, నన్ను కొన్నిసార్లు గట్టెక్కించింది కానీ, బ్యాటరీకి చేసిన మేలు మాత్రం సున్నా.

నా వాడకం ఎలాంటిదో చెప్పకపోతే ఈ మాటకు విలువ లేదు. ఉండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఆఫీసు పని ఎక్కువగా ఇంటి నుంచే. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క) బ్యాటరీ ఉన్న పెట్రోల్ కారు వారంలో చాలా రోజులు సెల్లార్‌లో కవరు కప్పుకుని ఉంటుంది. ముందు అద్దానికి డ్యాష్‌క్యామ్ ఉంది. మా ఆవిడ నడిపే బీఎస్6 స్కూటర్ ఇంకొకటి. వీటి కోసం నా దగ్గరున్న సరంజామా: 4 ఆంపియర్ల స్మార్ట్ చార్జర్, లిథియం జంప్ స్టార్టర్, ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే ఒక జత జంపర్ కేబుళ్లు, వోల్టులు, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగే కారున్నవాళ్లకు వీటిలో సగం అక్కర్లేదు. ఆ తిరుగుడే వాళ్లకు చార్జర్.

నిలబెట్టిన కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది? తాళం వేసినా కారు పూర్తిగా నిద్రపోదు కాబట్టి. అలారం, సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 20 నుంచి 50 మిల్లీయాంపుల దాకా మామూలే. నా కారులో అన్నీ ఆపి కొలిస్తే 30 దగ్గర ఆగింది. చూడ్డానికి చిన్నదే గానీ లెక్క వేయండి: వారానికి దాదాపు 5 ఏహెచ్. ఏమీ చేయకుండానే మూడు వారాల్లో నా బ్యాటరీలో 40 శాతానికి పైగా ఖాళీ. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డ్యాష్‌క్యామో, జీపీఎస్ ట్రాకరో తోడైతే ఇంకా ముందే.

దీనికి మా వాచ్‌మన్‌తో సహా అందరూ చెప్పే మందు ఒకటే: "వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయండి సార్." ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) నుంచి బ్యాటరీకి 10 ఆంపియర్లు అందుతున్నాయనుకున్నా, పది నిమిషాల్లో చేరేది 2 ఏహెచ్ లోపే. పోయింది అయిదు, వచ్చింది రెండు. ఏసీ కూడా వేసుకుని కూర్చుంటే అదీ రాదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీలో చివరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది, ఎంత పెద్ద ఆల్టర్నేటర్ ఉన్నా సరే. అలా ఎప్పుడూ సగం నిండి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. అదే సల్ఫేషన్. ఒకసారి బాగా ముదిరాక తిరిగి కరగదు. ఇది కంపెనీని బట్టి మారే సంగతి కాదు. తిరుపతి పక్కన కరకంబాడిలో మొదలైన అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా లోపల ఉండేవి సీసం, సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్లే.

ఇక చార్జర్ సంగతి. నేను కొన్నప్పుడు మూడు వేల లోపే పడింది. ముందు 14.4 వోల్టుల దాకా ఎక్కిస్తుంది, అక్కడ నిలిపి కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది, నిండాక 13.6 దగ్గర నిలకడగా ఉంచుతుంది. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్‌ను మరిచిపోతే బ్యాటరీ నీళ్లు ఉడికేవి. దీన్ని మరిచిపోయి ఊరెళ్లినా ఫరవాలేదు. సగం దిగిన 35 ఏహెచ్ బ్యాటరీ రాత్రి పెడితే పొద్దుటికి నిండుతుంది. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఆంపియర్లు అనే పాత లెక్కకు నా చార్జర్ దగ్గరగానే ఉంది. పెద్ద ఎస్‌యూవీ బ్యాటరీకైతే 7, 8 ఆంపియర్లది చూసుకోండి.

కరెంటు ఖర్చు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా అసోసియేషన్ మీటింగ్‌లో ఇదో పంచాయతీ అయింది. "కామన్ మీటర్ మీద మీ కారుకు చార్జింగ్ ఏంటి సార్?" అని ఒకాయన లేచాడు. సగం దిగిన బ్యాటరీ నింపడానికి వృథా కలుపుకున్నా అర యూనిట్ కూడా కాలదు. కాగితం మీద చూపిస్తే శాంతించాడు. తర్వాత ఆయన బ్యాటరీ దిగిపోయినప్పుడు నా చార్జరే పట్టుకెళ్లాడు.

చార్జర్‌లో చికాకులు లేవని కాదు. మొదటిది, కరెంటు పోయి వస్తే నాది మళ్లీ దానంతట అది మొదలుకాదు. స్టాండ్‌బైలో కూర్చుంటుంది, మోడ్ బటన్ నొక్కాలి. జనరేటర్‌కు మారే రెండు క్షణాలు చాలు, రాత్రంతా వృథా. వానాకాలంలో ఇది విసుగు పుట్టిస్తుంది. కొనేముందు ఆటో మెమరీ ఉందో లేదో అడగండి, డబ్బాపై ఉండే మిగతా గొప్పలకంటే అది ముఖ్యం. రెండోది, బ్యాటరీ మరీ అడుగంటితే ఇది గుర్తుపట్టదు, అసలేమీ తగిలించనట్టే ప్రవర్తిస్తుంది. అప్పుడు మంచి బ్యాటరీని కాసేపు పక్కన కలిపి వోల్టేజీ చూపించాల్సి వస్తుంది. ఫోర్స్ మోడ్ ఉన్నవాటికి ఆ బాధ లేదు. మూడోది, క్లిప్పుల స్ప్రింగ్ మెత్తబడింది.

"రిపేర్ మోడ్" అని ఒక గుర్తు ఉంటుంది. దాని మీద నాకు నమ్మకం లేదు. కొద్దిగా నీరసించిన బ్యాటరీ కోలుకుందంటే, అది మామూలు చార్జింగ్‌కే కోలుకునేదేమో. నెలల తరబడి పూర్తిగా దిగి పడి ఉన్న మా చిన్నాన్న గారి బ్యాటరీ మీద రాత్రుళ్లు రాత్రుళ్లు పెట్టి చూశాం, లేవలేదు. ఎంత చార్జ్ చేసినా తెల్లారేసరికి 10.5 వోల్టుల దగ్గరకు వచ్చి కూర్చుంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయిందని అర్థం. దానికి ఏ మోడూ పనిచేయదు.

ఇప్పుడు జంప్ స్టార్టర్. డబ్బా మీద 12,000 ఎంఏహెచ్, 1000 ఆంప్స్ పీక్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ ఎంఏహెచ్ 3.7 వోల్టుల లెక్కలో చెప్పింది. 12 వోల్టుల్లోకి మారిస్తే 4 ఏహెచ్ కూడా రాదు, అంటే మన కారు బ్యాటరీలో పదో వంతు. పీక్ ఆంప్స్ అనేవి కన్నుమూసి తెరిచేలోపు ఇచ్చేవి. అయినా పని జరుగుతుంది, ఎందుకంటే మంచి పెట్రోల్ ఇంజిన్ రెండు మూడు సెకన్ల సెల్ఫ్‌తో అందుకుంటుంది, దానికి కావలసిన మొత్తం శక్తి చాలా తక్కువ. సొమ్మసిల్లినవాడి నోట్లో గ్లూకోజ్ పొడి వేసినట్టు. లేచి నిలబడతాడు, ఆకలి మాత్రం తీరలేదు. జంప్ చేసి ఊరంతా అరగంట తిప్పి పార్క్ చేసి, మర్నాడు మళ్లీ స్టార్ట్ కాలేదని బ్యాటరీని తిట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

పెట్రోల్ కార్లమీద నాది నిరాశపరచలేదు. క్లిప్పులు పెట్టి పచ్చ లైటు వచ్చేదాకా ఆగాలి, సెల్ఫ్ నాలుగైదు సెకన్లకు మించి కొట్టకూడదు, అందుకోకపోతే కనీసం అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి, స్టార్ట్ అయ్యాక వెంటనే క్లిప్పులు తీసేయాలి. డీజిల్ దగ్గర మాత్రం దాని బండారం బయటపడింది. ఖమ్మం నుంచి వచ్చిన మా బావ కారు మీద, ప్యాక్‌లో సగం చార్జే ఉన్నప్పుడు పెడితే ఇంజిన్ మూలిగింది తప్ప తిరగలేదు. డీజిల్ కంప్రెషన్ ఎక్కువ, అది అడిగే కరెంటూ ఎక్కువే. డీజిల్ కారున్నవాళ్లు పెద్ద ప్యాక్ తీసుకోవాలి, అది నిండుగా ఉండాలి.

క్లిప్పుల మీదుండే బూస్ట్ బటన్ గురించి ఒక హెచ్చరిక. బ్యాటరీ పూర్తిగా చచ్చి ప్యాక్ గుర్తుపట్టనప్పుడు అది నొక్కాలి. చాలా మోడళ్లలో అది నొక్కితే ఎరుపు, నలుపు తారుమారైనా అడ్డుకునే రక్షణ కూడా ఆగిపోతుంది. చీకట్లో ఫోన్ టార్చ్ వేసుకుని ప్లస్, మైనస్ రెండోసారి చూసుకున్నాకే దాని మీద వేలు పెట్టండి.

ఈ వస్తువుతో నాకున్న అసలు పేచీ వేరే. ఇది అవసరమయ్యేది కారులో, కానీ మన ఎండాకాలంలో కారులో ఉంచదగింది కాదు. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది, లిథియం ప్యాక్‌కు అది విషం. మా ఫ్రెండ్ ఒకడు డ్యాష్‌బోర్డ్ అరలో వదిలేస్తే పొట్ట ఉబ్బి కేసు విచ్చుకుంది. నాది ఇంట్లో బీరువాలో ఉంటుంది, దూరప్రయాణాలకే సీటు కిందకు వస్తుంది. మూడు నెలలకోసారి చార్జ్ చేయాలి. అంటే ఊరి మధ్య ఎక్కడో ఆగిపోయినప్పుడు అది ఇంట్లో బీరువాలో భద్రంగా ఉండే అవకాశమే ఎక్కువ!

అందుకే డిక్కీలో కేబుళ్లు ఉండాల్సిందే. వాటికి ఎండ భయం లేదు, చార్జ్ చేసే పని లేదు. కాకపోతే పెట్రోల్ బంకుల దగ్గర, ఆన్‌లైన్‌లో దొరికే సన్నటి కేబుళ్లు దండగ. 500 ఆంప్స్ అని రాసి ఉంటుంది, లావంతా పైనున్న ప్లాస్టిక్‌దే. లోపల చాలావాటిలో రాగి పూత వేసిన అల్యూమినియం. నిజమైన రాగే అయినా, 10 స్క్వేర్ ఎంఎం తీగ రెండున్నర మీటర్లవి ఒక జత తీసుకుంటే, 150 ఆంపియర్ల దగ్గర దారిలోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. 25 స్క్వేర్ ఎంఎం అయితే అర వోల్టే. నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెల్డింగ్ కేబుల్ కొని ఇత్తడి క్లిప్పులు క్రింప్ చేయించుకున్నా. బరువెక్కువ, చుట్టడం కష్టం, అయినా పక్క ఫ్లాట్‌వాళ్లు అడిగేది ఇవే.

తగిలించే వరుస అందరికీ తెలుసంటారు, తీరా బానెట్ ఎత్తాక తడబడతారు. ఎరుపు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస దిగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. బ్యాటరీ మైనస్‌కే పెట్టొద్దనేది ఎందుకంటే చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. మంచి కారును అయిదు పది నిమిషాలు నడవనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు సరిగ్గా వెనక నుంచి ముందుకు.

అసలు జంప్ చేసేముందు ఒకసారి సెల్ఫ్ కొట్టి చెవి పెట్టి వినండి. టకటకా వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగినట్టు. ఒకే ఒక్క గట్టి "టక్" వచ్చి ఊరుకుంటే సెల్ఫ్ మోటారో, దానికి కరెంటు కలిపే స్విచ్ లాంటి సాలినాయిడో, వదులైన టెర్మినలో కావచ్చు. టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడండి. కదిలితే పది నంబర్ స్పానర్‌తో పని అయిపోవచ్చు. తెల్లగా, నీలంగా పొక్కు కట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, బ్రష్‌తో రుద్ది, ఆరాక వాజలైన్ రాయండి.

ఈ మొత్తంలో అతి చౌకైనది మల్టీమీటర్. కారు కొన్ని గంటలు ఊరికే ఉన్నాక కొలిస్తే 12.6 అంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. చార్జర్ తీసిన వెంటనే 13 పైన చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య లేకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్ చూపించండి. బ్యాటరీ మీద చార్జ్ ఉందని చూపే పచ్చ కన్ను చూసి ధీమా పడేవాళ్లకు ఒక మాట: అది ఆరు సెల్లుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

స్కూటర్‌కు వేరే కథ. కిక్ లేని బళ్లు పెరిగాక బ్యాటరీ దిగితే స్టార్ట్ చేసే దారే లేకుండా పోయింది. ఫ్యుయెల్ పంపుకు, ఇంజెక్టర్‌కు కరెంటు కావాలి కదా. ఆ బుల్లి బ్యాటరీకి కారు మోడ్ పెట్టకూడదు, ఒక ఆంపియర్‌కు మించని బైక్ మోడ్ వాడాలి. చార్జర్‌తో వచ్చిన రింగుల వైరును టెర్మినళ్లకు శాశ్వతంగా బిగించి కొస బయటకు వదిలా. ఇప్పుడు ప్లగ్గు కలపడమే, స్క్రూలు ఊడదీసే పని లేదు.

ఒక మెకానిక్ నా ఎదుటే ఇంకొకరి కారుకు ఆల్టర్నేటర్ పరీక్ష అంటూ ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. పాత అంబాసిడర్ల రోజుల్లో నడిచిందేమో. ఇప్పటి కార్లలో ఆ క్షణాన వోల్టేజీ ఎగిరి కంప్యూటర్ కాలిపోవచ్చు. అలా చేయబోతే చేయి పట్టుకుని ఆపండి.

చార్జర్ పెట్టినా బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది, మన వేడికి అది ఇంకా తగ్గుతుంది. కొత్తది కొనేటప్పుడు మీటర్ జేబులో పెట్టుకెళ్లండి. తయారీ తేదీ చూడండి, షాపులోనే వోల్టేజీ కొలవండి. 12.4 కన్నా తక్కువుంటే అల్మరాలో చాలాకాలం పడి ఉన్న సరుకు, వేరేది అడగండి. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి. పాతదాన్ని ఎక్స్చేంజ్‌కు అక్కడే ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. బిల్లులో పాత బ్యాటరీకి ఇచ్చే తగ్గింపు వేరేగా కనబడేలా రాయమనండి, చాలా షాపుల్లో అడిగితే తప్ప వేయరు.