డెడ్‌లైన్ అందనప్పుడు ఏది మేలు: మనుషులా, ఓవర్‌టైమా, పని కోతా, తేదీ మార్పా?

సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కు 6 వారాలే ఉంది, పని చూస్తే 10 వారాలది. ఇలాంటప్పుడు పైనుంచి ముందుగా వచ్చే మాట "ఇంకో ముగ్గుర్ని ఇస్తాం". నాలుగు దారుల్లోనూ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఐదుగురి టీమ్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, ఎనిమిది మందైతే 28. పైగా కొత్తవాళ్లకు కోడ్ వివరించాల్సిందీ, వాళ్ల పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో కలపమని పంపే మార్పులు) రివ్యూ చేయాల్సిందీ పాతవాళ్లే కాబట్టి మొదటి వారాల్లో వేగం పడిపోతుంది. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. ప్రాజెక్టు తొలి దశలో, టెస్ట్ ఆటోమేషన్ లాంటి విడిగా చేసుకోగల పని ఉంటేనే మనుషుల్ని అడగండి.

ఓవర్‌టైమ్ లెక్క కాగితం మీదే తేలిపోతుంది. వారానికి 40 గంటలు పనిచేసేవాళ్లు 50 చేసినా 6 వారాల్లో వచ్చేది ఏడున్నర వారాల పనే. అలసటలో మెర్జ్ చేసిన (ప్రధాన కోడ్‌లో కలిపేసిన) బగ్గుల్ని వెతకడానికి పోయే సమయం అందులోంచే తీసేయాలి. చివరి వారంలో మిగిలిన చిన్న బగ్గులకైతే సరే.

అన్నిటికంటే మేలైనది పని కోయడం, కోసే తీరు తెలిస్తే. బ్యాకెండ్ (యూజర్‌కు కనిపించని సర్వర్, డేటాబేస్ భాగం) మొత్తం ముగించి స్క్రీన్లు తర్వాత చూద్దామనుకుంటే ఆరో వారానికి యూజర్ చేతికి ఏమీ రాదు. ఉదాహరణకు రిపోర్టుల ఫీచర్‌లో పీడీఎఫ్, ఎక్సెల్, సీఎస్‌వీ, రోజూ ఈమెయిల్ అడిగారనుకోండి. తేదీ ఫిల్టర్, సీఎస్‌వీ డౌన్‌లోడ్ మాత్రం తీసుకుని డేటాబేస్ నుంచి బటన్ దాకా పూర్తి చేయండి. సగంలో ఉన్న మిగతావాటిని ఫీచర్ ఫ్లాగ్ (యూజర్‌కు కనిపించకుండా ఆఫ్ చేసే స్విచ్) వెనక ఆపేయండి. టెస్టింగ్, లాగింగ్ (ఏం జరిగిందో నమోదు చేయడం), రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే ఏర్పాటు) మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ కోసినవన్నీ ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో), అదీ రిలీజ్ రాత్రే, బయటపడతాయి.

పేమెంట్లు, డేటా మైగ్రేషన్ (డేటాను కొత్త సిస్టమ్‌కు తరలించడం) లాంటివి సగం చేసి వదలలేం. వాటికి తేదీ జరపక తప్పదు, అయితే ఒక్కసారే జరపాలి. వారం చొప్పున నాలుగుసార్లు జరిపితే నమ్మకం పోతుంది. అందుకని ప్రతి పనికీ మూడు అంచనాలు తీసుకోండి: అన్నీ కలిసొస్తే 3 రోజులు, మామూలుగా 5, అడ్డం తిరిగితే 13. మామూలు అంచనాను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, 6తో భాగిస్తే 6 రోజులొస్తుంది. ఒకరే చేయాల్సిన ఇలాంటి పనులు 20 ఉంటే, "5 రోజులు చాలు" అన్న ప్లాన్ మొదటి రోజే 20 రోజులు వెనకబడి ఉన్నట్టు. ఆ తేడాను ఆరో వారంలో కాదు, రెండో వారంలోనే చెప్పండి. వేటిని ఆపుతున్నారో, కొత్త తేదీ ఏ రెండు తేదీల మధ్య పడుతుందో అదే మెయిల్‌లో రాయండి.