నాటు పెట్టా, గ్రామప్రియా? పెరటికి ఏది మేలు

పెరట్లో నాలుగు కోళ్లు వదులుదామనుకునేవాళ్లు మొదట అడిగేది ఇదే. ఎప్పుడూ ఉండే ప్రశ్నే గానీ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. మన గుడ్లు మనమే పెట్టించుకుంటే ఏ గొడవా ఉండదు కదా అని. (పెరటి కోళ్లకు ఆ జబ్బు రాదనేం లేదు, అది వేరే సంగతి.) ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసేస్తే పోతుందనిపించింది. గూడు కట్టడం, మేత వేయడం తెలిసినవాళ్ల కోసమే ఇది.

ముందు లెక్కలు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం గ్రామప్రియ. బయట తిరిగి మేస్తూ ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నాటు పెట్ట 50, 60 పెడితే ఎక్కువ. సైజులోనూ తేడా ఉంది. నాటు గుడ్డు 40 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, గ్రామప్రియది 55 గ్రాముల దాకా తూగుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు గుడ్లు కావాలంటే ఏడాదికి 730. గ్రామప్రియలైతే ఐదు సరిపోతాయి. నాటువైతే పదమూడో పద్నాలుగో ఉండాలి, అవీ అన్నీ ఒకేసారి పెట్టవు. ఈ లెక్క ఒక్కటే చూసుకునేవాళ్లు ఇక చదవక్కర్లేదు, గ్రామప్రియ తెచ్చుకోవచ్చు.

కానీ నాటు పెట్ట తక్కువ ఎందుకు పెడుతుందో చూడాలి. చేతకాక కాదు. పది పన్నెండు, ఒక్కోసారి పదిహేను గుడ్లు పెట్టి ఆపేస్తుంది. ఒళ్లు వేడెక్కి, ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళ్తే కర్రుమంటూ గూట్లోంచి లేవదు. 21 రోజులు పొదుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక రెండు మూడు నెలలు వాటిని వెంటేసుకుని తిరుగుతుంది. వాటి తిండి అవి వెతుక్కునేదాకా మళ్లీ గుడ్డు పెట్టదు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఇలా తిరిగితే 50 గుడ్లే వస్తాయి మరి. గ్రామప్రియకు ఈ పొదిగే గుణం లేదు. పొదగని పెట్ట ఎక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి, గుడ్ల కోసం ఎంచుకుంటూ వచ్చిన జాతుల్లో ఆ గుణం పోయింది. కాబట్టి 'గుడ్లు తక్కువ' అన్న తిట్టూ, 'పిల్లల్ని బాగా సాకుతుంది' అన్న మెప్పూ ఒకే గుణానికి పడుతున్నాయి. ఒకటి ఉంచుకుని రెండోది వదిలించుకోవడం కుదరదు.

నా మటుకు తేల్చేది ఇదే. ఏ రకం తీసుకోవాలన్నది కాదు, వచ్చే ఏడాది పిల్లలు ఎక్కణ్నుంచి రావాలన్నది అసలు ప్రశ్న.

గ్రామప్రియ అయితే హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేచోట, పిల్లల్ని కొనాలి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉంచాలి, వారం వారం కాస్త తగ్గించుకుంటూ రావాలి. ఐదారు వారాలయ్యాక గానీ బయట వదలకూడదు. చలికాలం అర్ధరాత్రి కరెంటు పోయిందంటే ఆ పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. రాత్రంతా టెన్షనే. ఎలుక దూరితే ఆ లెక్క వేరు. ఏడాదిన్నర, రెండేళ్లకు పెట్టలు ముదిరి గుడ్లు తగ్గుతాయి, మళ్లీ కొనాలి. మన పుంజుతో కలిసి పెట్టిన గుడ్లను పొదిగిస్తే పిల్లలు వస్తాయి గానీ తల్లిలా గుడ్లు పెట్టవు, ఎందుకంటే గ్రామప్రియ వేరువేరు వరసల్ని కలిపి తీసిన సంకరం. పిల్లకోసం ప్రతిసారీ ఆ హేచరీ గుమ్మమే ఎక్కాలి.

నాటు పెట్టకు బల్బు అక్కర్లేదు. మా ఇంట్లో ఆ పని అత్తయ్యది. పాత గంపలో ఇసక పోసి, దానిమీద ఎండుగడ్డి పరిచి, వారంలోపు పెట్టిన గుడ్లే ఏరి, చీకటి పడ్డాక పెట్టను కూర్చోబెడుతుంది. వారం దాటాక రాత్రిపూట ఒక్కో గుడ్డునూ ఫోను టార్చి ముందు పెట్టి చూస్తే, పిల్ల కట్టిన దాంట్లో సాలెగూడులా ఎర్రటి నరాలు కనపడతాయి. కట్టనివి తీసేస్తాం. ఇక రోజుకోసారి నూకలు, నీళ్లు గంప దగ్గర పెట్టడం తప్ప మనకు పని లేదు.

పిల్లలు దిగాక చూడాలి. తల్లి ఒక గింజను ముక్కుతో పట్టుకుంటుంది, మింగదు, కింద పడేస్తుంది, కుక్ కుక్ మంటుంది. పిల్లలు పరిగెత్తుకొస్తాయి. చెదలు ఎక్కడుంటాయో, ఆకు తిరగేస్తే ఏముంటుందో అలా నేర్పుతుంది. గద్ద పైన తిరుగుతుంటే గొంతు మారుస్తుంది, అంతే, పిల్లలన్నీ పసుపు మొక్కల కిందో, దాని రెక్కల కిందో మాయం. బల్బు కింద పెరిగిన పిల్లకు ఇది నేర్పేవాళ్లు లేరు. ఆరో వారంలో బయట వదిలితే మేత తొట్టి చుట్టూనే తిరుగుతూ, నీడ మీద పడ్డా అలాగే నిలబడి చూస్తుంది. తల్లి ఉన్నా అన్నీ బతకవు, పన్నెండు దిగితే ఆరేడు పెద్దవైతే సంతోషించాలి. అయితే వాటికి పైసా పెట్టింది లేదు.

నాటు కోడికి రోగాలు రావన్న మాట మాత్రం నమ్మకండి. కొక్కెర తెగులు వచ్చిందంటే వీధి వీధంతా ఊడ్చుకుపోతుంది, నాటూ మిగలదు. నర్సరీలో ఐదారు వారాలు పెంచి అమ్మే గ్రామప్రియ పిల్లలకు చాలాచోట్ల టీకాలు వేసే ఇస్తారు, అడిగి తెలుసుకోవాలి. గంపలో పుట్టినవాటికి ఎవరూ వేయరు, మనమే వేయించాలి. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, రెండు నెలలకు రెక్క కింద సూది. చిక్కేమిటంటే సీసాలో వంద కోళ్లకో అంతకు మించో సరిపడా మందు ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే వీధిలో అందరూ ఒకే రోజు పెట్టుకోవడం మేలు. పశువుల ఆసుపత్రిలో అడిగితే రోజు చెప్తారు.

కూరగాయల మడులున్నవాళ్లకు ఒక హెచ్చరిక, ఇక్కడ నాటు పెట్ట ఓడిపోతుంది. దానికి దడి ఒక అడ్డే కాదు. నాలుగడుగుల వల మీంచి ఎగిరి తోటకూర మడిలో దిగుతుంది, రాత్రికి మునగచెట్టెక్కి కూర్చుంటుంది. పిల్లలకోడి అయితే మరీనూ, అప్పుడే మొలిచిన గోంగూరను పొద్దెక్కేలోపు కెలికి పడేస్తుంది. గుడ్లు ఏ గడ్డివాము చాటునో పెట్టి మనచేత వెతికిస్తుంది. గ్రామప్రియ కాస్త బరువుగా ఉంటుంది, అంతగా ఎగరదు, పెట్టెలో పెట్టమంటే పెట్టెలోనే పెడుతుంది. నాటువాటికి ఒకవైపు రెక్క ఈకలు కత్తిరిస్తే కొంత నయం, అవి మళ్లీ మొలిచేదాకా. ఎరువు రెండింటిదీ ఒకటే. పచ్చిది మొక్క మొదట్లో వేస్తే మాడుతుంది, ఆకూ అలముతో కలిపి కుళ్లబెట్టాకే వాడాలి.

మేత ఖర్చులో మళ్లీ నాటుదే పైచేయి. తవుడు, నూకలు, వంటింటి తుక్కు, మిగతాది పెరట్లో దొరికింది. గ్రామప్రియ అన్ని గుడ్లు పెట్టాలంటే అంత తినాలి. కాల్షియం సరిపోకపోతే పెంకు పల్చబడి చేతిలోనే పగిలే గుడ్లు పెడుతుంది. అజొల్లా (నీళ్లలో పెంచే మేత మొక్క), గుడ్డు పెంకుల పొడి కొంత ఆదుకుంటాయి గానీ లేయరు మేత, అంటే ఫారాల్లో గుడ్ల కోళ్లకు వేసే మేత, కొంచెమైనా కొనక తప్పదు.

వంటింట్లో ఏది గొప్పో నేను చెప్పాలా? సంకటిలోకి పులుసంటే నాటుకోడే. కుక్కర్లో ఎక్కువ కూతలు పడతాయి, పడనివ్వండి. గ్రామప్రియ పుంజు నాలుగు నెలలది వేపుడుకు బాగానే ఉంటుంది, కాదనను. గుడ్డు విషయంలో మాత్రం పెద్ద తేడా నాకు తెలియలేదు. పచ్చసొన రంగు కోడి తిన్న ఆకుకూరను బట్టి వస్తుంది, జాతిని బట్టి కాదు. గ్రామప్రియ గుడ్డు పెంకు గోధుమరంగులో ఉంటుంది కాబట్టి బజార్లో చాలామంది దాన్నే నాటు గుడ్డని రెట్టింపు ధరకు అమ్మేస్తున్నారు, అదొకటి.

మిగతావి రెండు మాటల్లో. వనరాజా కూడా ఆ సంస్థదే, మాంసం ఎక్కువ, ఏడాదికి 100, 110 గుడ్లు. ఒళ్లు బరువు, కుక్క తరిమితే పరిగెత్తలేదు. కడక్‌నాథ్‌ది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ధరకు రెక్కలొచ్చాయి. ఇంటి అవసరానికి అంత పెట్టక్కర్లేదు. అసీల్ పుంజులు సంక్రాంతి బరుల కోసం, వాటి గొడవ మనకొద్దు. లేయరు కోళ్లు పెరటి ఎండకూ పిల్లులకూ ఆగవు.

ఇంట్లో పిల్లలున్నారు, రోజూ గుడ్డు కావాలి, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు అంటే ఐదు గ్రామప్రియలు తెచ్చుకోండి, తప్పేం లేదు. చూసుకునే పెద్దవాళ్లుండి, నాలుగైదు సెంట్ల పెరడుంటే నాటువే అంటాను. రెండూ కావాలంటే ఒక దారి ఉంది, మేం చేసేదీ అదే. నాటు పెట్ట పొదుగు చివరికొచ్చాక, రోజు వయసు గ్రామప్రియ పిల్లల్ని రాత్రి చీకట్లో చప్పుడు చేయకుండా దాని రెక్కల కిందికి తోస్తాం, కింద ఉన్న గుడ్లు కొన్ని తీసేస్తాం. తెల్లారేసరికి అన్నీ తనవే అనుకుంటుంది. పగటిపూట పెడితే మాత్రం పొడిచి చంపేస్తుంది. కరెంటు బిల్లు లేదు, గద్ద పాఠం ఉచితం. ఎండాకాలం ఈ పని పెట్టుకోకండి, ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు సరిగా పొదగబడవు, పిల్లలూ నిలవవు.

నాటు పెట్టను కొనేటప్పుడు సంతకు వెళ్లకండి. ఊళ్లో తెగులు మొదలైందంటే ముందు సంతకే తోలతారు. తెలిసినవాళ్లింట్లో, ఒక విడత పిల్లల్ని తీసిన పెట్టను అడిగి తెచ్చుకోండి, వంద ఎక్కువిచ్చినా సరే. తెచ్చినదాన్ని పది రోజులు విడిగా గంప కింద ఉంచాకే మిగతా కోళ్లలో కలపండి.